కళ్ళు మూసుకుంటే మనకు మనం కనిపిస్తున్నామా?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మీ అందరి చేతా ఒక చిన్న పని చేయించాను. కళ్ళు మూసుకుని, అయిదేళ్ళ తర్వాత మీ జీవితంలో ఒక మంచి రోజును ఊహించుకోమన్నాను. కళ్ళు తెరిచాక ఒక్కొక్కరూ చెప్పారు. కూతురి పెళ్ళి జరిగిన రోజు, కొడుకు ఉద్యోగంలో చేరిన రోజు, ఇంటికి స్లాబు వేసిన రోజు. అన్నీ మంచి రోజులే. వెనక వరసలో కూర్చున్న ఒకామెను, "ఆ పెళ్ళిలో మీరెక్కడున్నారండీ?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "వంటల దగ్గరుంటాను మేడమ్" అంది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నా మాటలు ఆ నవ్వు దగ్గరే మొదలుపెడతాను.

కలలో కూడా మనం వంటల దగ్గరే ఉండిపోతే, అది మన ఊహ చేతకానితనం అనుకోకండి. ఊహించడం కూడా అలవాటు మీద వచ్చే పనే. మగపిల్లవాణ్ణి నాలుగేళ్ళప్పటి నుంచీ "పెద్దయ్యాక ఏమవుతావురా?" అని అడుగుతారు. వాడు ఒకరోజు పోలీసంటాడు, మర్నాడు డ్రైవరంటాడు. అలా వందసార్లు ఊహించి, వందసార్లు మార్చుకుంటాడు. ఆడపిల్లకు ఆ సాధన దొరకదు. మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో రాసిన వ్యాసంలో ఇదే విషయం వివరించాడు. ఆశించే శక్తి సమాజంలో అందరికీ సమానంగా అందలేదంటాడు. ఉన్నవాళ్ళకు ప్రయత్నించి, ఓడి, మళ్ళీ ప్రయత్నించే అవకాశాలెక్కువ. అందుకే వాళ్ళకు దారులెక్కువ తెలుస్తాయి. లేనివాళ్ళకు కోరికలుంటాయి కానీ వాటికి చేర్చే దారులు అంతగా తెలియవు. పేదవాళ్ళ గురించి ఆయన చెప్పిన ఈ మాట స్త్రీలందరికీ ఏదో ఒక మేరకు వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇప్పుడు కలలు కనడం నేర్పే పుస్తకాలూ క్లాసులూ చాలా వచ్చాయి. కళ్ళు మూసుకుని గట్టిగా కోరుకో, అది నీ దగ్గరకే నడిచి వస్తుంది అంటారు. రాకపోతే? నువ్వు సరిగా నమ్మలేదంటారు. ఇది మనకు కొత్త మాట కాదు. మన నోముల కథల్లో ఫలం దక్కకపోతే లోపం నోము పట్టినామెదే కదా! ఆస్తిలో వాటా రాలేదు, రాత్రిపూట బస్సు లేదు, చంటిపిల్లను చూసే మనిషి లేదు. వీటన్నిటినీ వదిలేసి, తప్పంతా ఆమె మనసు మీదే పెట్టే ఊహతో మనకు పని లేదు.

అలాగని ఊహను తీసిపారేయకూడదు. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థులతో ఒక పరీక్ష చేశారు. కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని ఆ మార్కుల కోసం కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్నవాళ్ళే ఎక్కువసేపు చదివారు, మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. కోరిక తీరిపోయినట్టు హాయిగా ఊహించుకుంటే దాని కోసం పనిచేసే ఉత్సాహం తగ్గుతుందని 2011లో హీథర్ కేప్స్, గేబ్రియెల్ ఓటింగెన్ కూడా చూపించారు.

నా అనుభవమూ ఇదే. పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టాక నా పరిశోధన ఆగిపోయింది. నాలుగేళ్ళపాటు డాక్టరేటు పట్టా అందుకుంటున్నట్టు కలలు కన్నాను. ఒక్క అధ్యాయం కదల్లేదు. ఒకరోజు విసుగొచ్చి వేరేగా ఆలోచించాను. తెల్లవారుజామున నాలుగున్నరకు, మేడమెట్ల కింద బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. పాపాయి లేచి ఏడుస్తోంది. ఎవరు ఎత్తుకుంటారు? ఆ ప్రశ్న రాగానే ఊహ చెదిరిపోయింది. ఆ రాత్రే మా ఆయనతో మాట్లాడాను. గొడవైంది. కానీ బల్ల పడింది. నాకు జీతం ఉంది, మేడమెట్ల కింద జాగా ఉంది. అవి లేనివాళ్ళకు ఇదింత సులువని నేననను.

ఏమీ లేని చోట ఊహను పనిలో పెట్టిన ఒకామె గురించి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో తూర్పు బెంగాల్లో రాససుందరీ దేవి అనే గృహిణి ఉండేది. పన్నెండో ఏట పెళ్ళి. పన్నెండుమంది సంతానం. పెద్ద సంసారం, తినడానికి కూడా తీరని చాకిరీ. ఆడది చదివితే విధవ అవుతుందని నమ్మే రోజులు. ఆమెకు చదవాలని ఉండేది. ఒకనాడు చైతన్య భాగవతం చదువుతున్నట్టు ఆమెకు కల వచ్చింది. లేచాక ఆ కలను తలుచుకుని మురిసిపోయి ఊరుకోలేదు. ఆ పుస్తకం ఇంట్లో కంటపడగానే దాన్నుంచి ఒక పత్రం తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దుకున్న తాటాకు ఒకటి తీసింది. చిన్నప్పుడు బడిలో విన్న అక్షరాలను గుర్తు చేసుకుంటూ, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ, ఎవరికీ తెలియకుండా చదవడం నేర్చుకుంది. తర్వాత ఆమె రాసిన 'ఆమార్ జీబన్' బెంగాలీలో తొలి ఆత్మకథగా పేరు పొందింది. గమనించండి. ఆమె బడి కూడా వంటింట్లోనే నడిచింది. ఏ పత్రం, ఏ తాటాకు, ఎక్కడ దాచాలి అన్నంత వివరంగా ఆలోచించింది కాబట్టే కల నిజమైంది.

కానీ రాససుందరి ఒంటరి. మన నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అక్షరాస్యతా తరగతుల్లో సారా గురించిన పాఠాలు చదివి, ఆ కథ తమదేనని ఆడవాళ్ళు గుర్తుపట్టారు. కూలి డబ్బు సాయంత్రానికి ఇల్లు చేరాలి, మొగుడు తాగకుండా రావాలి. ఇది ఏ ఇల్లాలికాయిల్లాలు లోలోపల కన్న కల. పదిమందిలో చదివేసరికి అందరి కలా ఒకటేనని తెలిసింది. దూబగుంటలో సారా అమ్మకం ఆపించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ మద్యనిషేధాన్ని ఎత్తేసింది. అంటే సాధించుకున్నదాన్ని కూడా కాపలా కాయాలి.

అందుకే ఇప్పుడు మళ్ళీ కళ్ళు మూసుకోమంటున్నాను. ఈసారి పెళ్ళిళ్ళూ ఇళ్ళూ వద్దు. మీకోసం మీరు కోరుకునేది ఒక్కటి తలుచుకోండి. దానికోసం వచ్చే సోమవారం మీరు ఏం చేస్తూ ఉంటారో చూడండి. ఎన్ని గంటలకు? ఎక్కడ? చేతిలో ఏముంది? అడ్డుగా నిలబడింది ఎవరు? ఆ అడ్డు మీరొక్కరే తొలగించుకోగలిగిందా, సంఘం అంతా కలిసి అడగాల్సిందా? చివరగా, ఈ గదిలో ఎవరికి చెబుతారు?

టీ తాగేటప్పుడు ఆ వెనక వరస ఆమె నా దగ్గరకొచ్చింది. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారట. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాలని ఉందట. "పిల్ల పెళ్ళయ్యాక చూద్దాంలే మేడమ్" అంది. పెళ్ళికి ముందే ఎందుకు కాకూడదని అడిగాను. జవాబు చెప్పలేదు. ఆమె అనుమతితోనే ఈ మాట మీకు చెబుతున్నాను. పరీక్ష ఫీజు కట్టడానికి ఆమెతో ఎవరు వెళ్తారో, పరీక్షల రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారో ఈ మధ్యాహ్నం ఇక్కడే మాట్లాడుకుందాం.