అయిదచ్చుల బిరుదము
(ఒక గ్రంథాలయ సభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



నేటి ప్రసంగమునకు మేము గైకొన్న విషయము అయిదక్షరములు మాత్రమే. అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇవి లాటిను వర్ణమాలలోని అచ్చులు. ఆస్ట్రియా నేలిన హాబ్స్‌బర్గు వంశమునకు వీనిని బిరుదాంకముగ నిచ్చిపోయినవాడు మూడవ ఫ్రెడరిక్కు చక్రవర్తి. కోటగోడలపైనను, దేవాలయములపైనను, వెండిపాత్రలపైనను ఆతడు వీనిని చెక్కించెను. అర్థమేమని లోకము నాటినుండి నేటివఱకు నడుగుచునే యున్నది. మన వైయాకరణులు అచ్చులకు ప్రాణములనియు, హల్లులకు ప్రాణులనియు పేరిడిరి గదా! ప్రాణమున్నది, ప్రాణి లేదు. అదియే యీ బిరుదము చిక్కు. ఎవరికి తోచిన దేహమును వారు తగిలించుచు వచ్చిరి. ఇట్లు పుట్టిన యర్థములు మూడువందలకు మించినవని చెప్పుదురు.

వానిలో నెక్కువ వాడుకకెక్కినవి రెండు. లాటినున 'ఆస్ట్రియే ఎస్ట్ ఇంపెరారె ఓర్బి ఉనివెర్సో', అనగా విశ్వమునెల్ల నేలుట ఆస్ట్రియాకు చెల్లునని. జర్మనున 'ఆల్లెస్ ఎర్డ్‌రైఖ్ ఇస్ట్ ఓస్టెర్‌రైఖ్ ఉంటెర్‌టాన్', అనగా భూమియంతయు ఆస్ట్రియాకు లోబడియున్నదని. మూడవదియు నొకటి గలదు: 'ఆస్ట్రియా ఎరిట్ ఇన్ ఓర్బె ఉల్టిమా'. లోకమున కడపటివఱకు నిలుచునది ఆస్ట్రియాయే యని రాజభక్తుల తాత్పర్యము. లోకమున కట్టకడపటిది ఆస్ట్రియా యని గిట్టనివాడు చదివినను లాటిను వ్యాకరణ మడ్డురాదు!

ఈ యర్థములను నమ్ముటకు ముందు ఆ యక్షరములు పుట్టిననాటికి ఫ్రెడరిక్కు ఎంతవాడో విచారింపవలదా? ఆతడు 1415లో జన్మించెను. 1437లో నొక చిన్నపుస్తకమున తన సంగతులు వ్రాసికొననారంభించెను. మన ప్రౌఢదేవరాయలు విద్యానగర సింహాసనమున నున్న కాలమది. అప్పటికి ఫ్రెడరిక్కు రాజు కాడు, చక్రవర్తి యంతకన్నను కాడు. స్టిరియా, కరింథియా, కార్నియోలా యను కొండనాడులకు ప్రభువు. వానికొఱకును తమ్మునితో తగవులే. వియన్నా నగరము దాయాదియగు ఆల్బర్టుది. చక్రవర్తి పీఠమున లక్సెంబర్గు వంశజుడైన సిగిస్మండున్నాడు. టిరోలు నేలు పినతండ్రి పేరును ఫ్రెడరిక్కే యగుటచే మనవానిని చిన్న ఫ్రెడరిక్కని పిలుచుచుండిరి. అట్టి యువకుడు భూమండలమంతయు నాదని గోడలపై చెక్కించునా?

ఆ పుస్తకములో నాతడే యొక మాట వ్రాసిపెట్టెను. దాని సారమిది: ఏ కట్టడముపైనను, ఏ వెండిగిన్నెపైనను, ఏ గుడివస్త్రముపైనను, మఱి యే నగపైనను ఒక గీతయు ఈ యయిదక్షరములును కానబడునో, అది చిన్న ఫ్రెడరిక్కుదిగా నుండినదనియో, ఆతడు కట్టించినది లేక చేయించినదనియో తెలిసికొనవలెను. ఇంతే! ఇందు ప్రపంచమును లేదు, పరిపాలనయు లేదు. మన యిండ్లలో కంచుచెంబుమీదను, ఇత్తడిబిందెమీదను పేరు కొట్టించుకొనుట లేదా? పెండ్లిలో పదియిండ్ల సామాను కలిసిపోయినను ఎవరి బిందె వారు పోల్చుకొందురు. ఆ యువరాజు చేసినదియు నదియే యని మా యభిప్రాయము. ఆతడు మిక్కిలి పొదుపరి. రత్నములన్నను, అపురూపవస్తువులన్నను ప్రీతి మెండు. అట్టివాడు సామానునకు గుర్తు వేసికొనుటలో వింతయేమి?

అట్లైన విశ్వాధిపత్యపు వ్యాఖ్య ఎక్కడిదని మీరడుగవచ్చును. అదియు నాపుస్తకముననే యున్నది! అందువలననే తగవింతకాలము సాగినది. అయితే 1952లో ఆల్ఫాన్స్ లోట్స్కీ యను ఆస్ట్రియా చరిత్రకారుడు ఆ పుస్తకమును పరిశీలించి, ఆ వ్యాఖ్య ఫ్రెడరిక్కు చేతివ్రాత కాదనియు, వేఱొకరు చేర్చినదనియు వాదించెను. ఈ వాదము నంగీకరింపని పండితులును గలరు.

ప్రతిపక్షమువారికిని బలములేకపోలేదు. 1440లో ఫ్రెడరిక్కు జర్మనుల రాజయ్యెను. 1452లో రోమునకేగి పోపు చేత చక్రవర్తిగ కిరీటము ధరించెను. రోమునగరమున నట్లు పట్టాభిషిక్తుడైన చక్రవర్తులలో నాతడే కడపటివాడు. మఱుసటి యేట వీనర్‌నాయ్‌ష్టాటు కోటలో నొక గోడనిండ డాళ్ళు చెక్కించి, నడుమ తన ప్రతిమను, అయిదచ్చులను నిలిపెను. ఆ డాళ్ళు వందకు పైబడినవి. వానిలో ననేకము ఏ దేశమునను పుట్టని, ఏ రాజ్యము నేలని కల్పితప్రభువులవి! ఆ 1453లోనే ఆతడు తన పూర్వికుడగు నాలుగవ రుడాల్ఫు కాలమున సృష్టింపబడిన కూటశాసనములను చక్రవర్తి హోదాతో స్థిరపఱచెను. ఆ శాసనములకు తోడుగ జూలియసు సీజరు, నీరో చక్రవర్తి ఆస్ట్రియాకు వరములిచ్చినట్లు లేఖలు కూడ పుట్టించియుండిరి. వానిని చూచి పెట్రార్కు మహాకవి 1361లోనే పరిహసించెను. కావున ఈ వంశమువారికి గొప్పలయందు ఆశ లేదని మేమనము. బిందెకు వేసిన గుర్తు కాలక్రమమున పతాకపు గుర్తయియుండవచ్చును. ఫ్రెడరిక్కు తానై యేయర్థమును బహిరంగముగ ఖండింపలేదు. పలువురు పలు గొప్పలు చెప్పుచుండ నే ప్రభువు కాదనును?

మన దేశమునను బిరుదములకు కొదవ లేదు. విజయనగర రాజులు 'మూరురాయరగండ' యనిపించుకొనిరి. ఆ మూడురాయలెవ్వరన్న చర్చయు నున్నది. కాని మన వందిమాగధులు బిరుదమును గొంతెత్తి నిండుగ చదివిరి. ఎదుటిరాజు కోపింపవలసిన కోపించెను, యుద్ధమునకు రావలసిన వచ్చెను. పొడియక్షరముల బిరుదమునకు ఆ పూచీ లేదు.

గోడపై నక్షరము లట్లుండ బ్రదుకెట్లు సాగినదో వినుడు. 1462లో సొంత తమ్ముడును, వియన్నా పౌరులును గూడి చక్రవర్తిని ఆతని కోటలోనే ముట్టడించిరి. 1485లో హంగరీ రాజగు మాథియాసు కోర్వీనసు వియన్నాను పట్టుకొని, 1490లో మరణించువఱకు విడువలేదు. విశ్వమునేలవలసినవాడు తన రాజధానికి దూరమై ఊరూర తిరుగవలసి వచ్చెను. అయినను ఆతడు 1493 వఱకు జీవించి, శత్రువులందఱ కన్న వెనుక పోయెను. ఓర్పే ఆతని సైన్యము.

బిరుదమునకు నిజముగ బలమిచ్చినది ఖడ్గము కాదు, కల్యాణము. 1477లో కుమారుడు మాక్సిమిలియను బర్గండీ రాజకుమారి మేరీని వివాహమాడెను. మనుమని కాలమున స్పెయిను కలిసెను. మునిమనుమడైన అయిదవ చార్లెసు కాలమునకు అమెరికా భూములును చేరెను. రవి యస్తమింపని రాజ్యమను మాట ఇంగ్లీషువారి సొమ్మని మనమనుకొందుము. వారికన్న ముందే అది యీ వంశపు రాజ్యమునకు చెల్లినది. అప్పుడు ఆస్థానపండితులు వెనుదిరిగి చూచి, అయిదచ్చులు భవిష్యవాణి యనిరి. మాకు అభ్యంతరమిక్కడనే. ఫలితమును చూచి అర్థము చెప్పుట, ఆ యర్థమును చూపి ఫలితము దైవనిర్ణయమనుట! చెక్కులు, పోలిష్‌వారు, స్లొవీనులు, క్రోయట్లు, రుమానియనులు మున్నగు జాతులు తమ భాషలకు పాఠశాలలలోను, కచ్చేరులలోను చోటడిగినప్పుడు ఎదుట నిలిచినది ఇట్టి దైవనిర్ణయపు గర్వమే. అయిదచ్చులలో వారి పేరులకు తావేది?

1914లో ఆస్ట్రియా-హంగరీ రాజ్యము ఇంచుమించు 6,76,000 చదరపు కిలోమీటర్లు. ఆ యేడు జూలై 28వ తేదీన సెర్బియాపై యుద్ధము ప్రకటించిరి. 1918 నవంబరు 11వ తేదీన చక్రవర్తి కార్లు రాజ్యవ్యవహారములనుండి తొలగెను; మఱునాడు వియన్నాలో ప్రజాప్రభుత్వము ప్రకటింపబడెను. నేటి ఆస్ట్రియా 84,000 చదరపు కిలోమీటర్లకు లోపు. ఆ చిన్నపుస్తకము మాత్రము వియన్నాలోని జాతీయగ్రంథాలయమున భద్రముగ నున్నది. అందులో విశ్వమునేలుమను వ్యాఖ్యయు నున్నది. ఈ గుర్తున్న గిన్నె నాది యను చిన్న ఫ్రెడరిక్కు మాటయు నున్నది.