అరీతా ఫ్రాంక్లిన్ గానము

అమెరికాలోని నల్లజాతివారి ప్రార్థనామందిరములలో వర్ధిల్లిన భక్తిగానము లౌకికమైన ప్రేమను, విరహమును తనలో కలుపుకొని ‘సోల్’ సంగీతమను పేర లోకమెల్ల వ్యాపించిన కథలో, అరీతా ఫ్రాంక్లిన్‌ది అగ్రస్థానము.

1942లో మెంఫిస్ నగరమున జన్మించి, డెట్రాయిట్‌లో తండ్రి బోధకుడుగానున్న బాప్టిస్టు చర్చిలో బాల్యముననే గొంతు విప్పిన ఈమె, 1960లో కొలంబియా రికార్డుల సంస్థలో చేరి అనేక గీతములు పాడినను, ఆ కంఠమునకు దగిన తావు అందు దొరకలేదనియే నా అభిప్రాయము. 1967లో అట్లాంటిక్ రికార్డుల సంస్థవాడైన జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌కు రప్పించి పియానో ముందు కూర్చుండబెట్టగా, చర్చిలో నేర్చిన ఆ స్వరము కట్ట తెగిన ఏటివలె పొంగిపొరలెను.

ఓటిస్ రెడ్డింగ్ రచించి 1965లో పాడిన ‘రెస్పెక్ట్’ గీతమున ఇల్లు చేరిన పురుషుడు మన్నన కోరును. దానినే ఈమె 1967లో, తోబుట్టువుల వంతపాటతో, ‘రెస్పెక్ట్’ అను పదమును అక్షరమక్షరముగా పలుకుచు పాడినప్పుడు, అది స్త్రీ కోరు హక్కయ్యెను. పౌరహక్కులకై పోరాడువారును, స్త్రీస్వేచ్ఛ కోరినవారును దానిని తమ గీతముగా స్వీకరించిరి.

కీర్తిశిఖరమున నుండియు 1972లో లాస్ ఏంజెలిస్ చర్చిలో భక్తగణము నడుమ ‘అమేజింగ్ గ్రేస్’ సంపుటమును పాడుట, నా దృష్టిలో, ఆమె సాధనకెల్ల పరాకాష్ఠ.

1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి మహిళ ఈమెయే. 2018లో ఆమె దివంగతయయ్యెను. ఆమెకు వంతపాడిన సిస్సీ హ్యూస్టన్ కుమార్తె విట్నీ మొదలుకొని ఎందరో గాయనులు ఆ బాణీనే అనుసరించిరి.