గుండె ఆగింది, ఎవరూ కంగారుపడలేదు: థియేటర్‌లో ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్

నేను ఈసీఈ ఫైనల్ ఇయర్. ఇవాళ చెప్పేది కోడింగ్ గురించి కాదు, ప్లేస్‌మెంట్ల గురించీ కాదు. పోయిన సెమిస్టర్‌లో ఒక బైపాస్ ఆపరేషన్ దగ్గరుండి చూశాను. అది చూశాక మా ప్రాజెక్ట్ ఏమైందో చెప్తాను.

ప్రాజెక్ట్ ఏంటంటే, గుండె లయ తప్పితే ఈసీజీ చూసి అలారం కొట్టే సాఫ్ట్‌వేర్. 97 శాతం కరెక్ట్‌గా వస్తోందని రిపోర్ట్‌లో రాసేశాం. కాలేజీలో మంచి పేరొచ్చింది. మా గైడ్ సారే, "అసలు ఆ మెషీన్లు ఎక్కడ వాడతారో ఒకసారి చూసి రండ్రా" అని తెలిసిన డాక్టరు గారితో మాట్లాడారు. పేషెంట్ కూడా సరేనన్నారు.

టోపీ, మాస్కు కట్టుకుని లోపలికెళ్లగానే చలి. మెల్లగా పాత సినిమా పాటలు కూడా వస్తున్నాయి, నమ్మండి. మత్తు డాక్టరమ్మ పక్కన నన్ను నిలబెట్టి, "కళ్లు తిరిగితే వెనక గోడ దగ్గర కూర్చో బాబూ, ముందుకి మాత్రం పడకు" అన్నారు.

రొమ్ము ఎముకని రంపంతో కోస్తారు. దానికి నేను భయపడలేదు. వాసనకి భయపడ్డాను. రక్తం కారేచోట కరెంటుతో కాలుస్తారు, కాటరీ అంటారు. ఆ కాలిన వాసన మాస్కులోంచి వచ్చేస్తుంది. అబద్ధమెందుకు, రెండుసార్లు కూర్చున్నాను.

కాటరీ నొక్కినప్పుడల్లా స్క్రీన్ మీద ఈసీజీ గీత గడ్డి మొలిచినట్టు అయిపోతోంది. డాక్టరమ్మ మాత్రం దాన్ని వదిలేసి కింద ఎర్ర గీత చూస్తున్నారు. అది ధమనిలో పెట్టిన ట్యూబు నుంచి వచ్చే బీపీ. ఎందుకు మేడమ్ అంటే, "కాటరీ ఆన్‌లో ఉంటే పైది అబద్ధం చెప్తుంది. ఇది చెప్పదు" అన్నారు.

ఆ చలిలో నాకు చెమట పట్టింది. ఎందుకంటే మా రికార్డింగుల్లో అలాంటి గడ్డి ముక్కలన్నీ 'బ్యాడ్ డేటా' అని మేమే తీసేశాం. 97 అలా వచ్చింది. తీసేశామని రిపోర్ట్‌లో రాయలేదు.

తర్వాత హార్ట్-లంగ్ మెషీన్. రక్తం గడ్డకట్టకుండా ముందు హెపారిన్ ఇస్తారు. నల్లగా వెళ్లిన రక్తం ఆక్సిజన్ కలిసి ఎర్రగా తిరిగొస్తుంది, నిమిషానికి 4, 5 లీటర్లు. పంపులో రోలర్లు తిరుగుతూ గొట్టాన్ని నొక్కుతుంటే నాకు చెరుకురసం బండే గుర్తొచ్చింది. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ అనే డాక్టరు ఇలాంటి మెషీన్‌తో మొదటిసారి గుండె ఆపరేషన్ సక్సెస్ చేశారు. ఆ మెషీన్ తయారీలో ఐబీఎం ఇంజనీర్లు ఉన్నారు. మనవాళ్లే అన్నమాట!

పొటాషియం ఎక్కువున్న ద్రావణం పంపగానే గుండె ఆగిపోయింది. ఈసీజీ గీత ఫ్లాట్. మా సాఫ్ట్‌వేర్ అయితే గోల గోల చేసేది. అక్కడ ఎవరూ తల కూడా ఎత్తలేదు. మెషీన్ నడిపే అన్న నంబర్లు పైకి చదువుతూనే ఉన్నాడు, బాగున్నవీ బాగోనివీ అన్నీ.

గుండె మళ్లీ కొట్టుకుంది. కుట్లు అయ్యాక ఆకుపచ్చ గుడ్డలు తీశారు. అప్పటిదాకా అక్కడ ఒక మనిషి ఉన్నాడన్న సంగతే మర్చిపోయాను. మా నాన్న వయసు. మణికట్టు మీద తాయెత్తు దారం తీసేసిన తెల్లటి గుర్తు.

రాత్రి హాస్టల్‌లో తీసేసిన ముక్కలన్నీ మళ్లీ కలిపి రన్ చేశా. 71.

"మామా, రివ్యూ వచ్చే వారమే. నీకు పిచ్చి పట్టిందా?" అన్నాడు మా టీమ్‌మేట్. రెండు రోజులు మాట్లాడలేదు. వాడి కోపం తప్పు కాదు, వాడి మార్కులు కూడా పోతాయి కదా. చివరికి ఇద్దరం కలిసే ప్యానెల్ ముందు 71 అని చెప్పాం, ఎందుకో కూడా చెప్పాం. మార్కులు తగ్గాయి.

ఇప్పుడు ఈసీజీతో పాటు ఆ ఎర్ర గీతని కూడా చదివిస్తున్నాం. 83 దాకా వచ్చాం, ఏమీ తీసేయకుండా. వాడు ఇప్పుడు మాట్లాడుతున్నాడు లెండి. ఈ వీడియో షూట్ చేస్తోంది వాడే.