సేరు పేరు ఒకటే, బరువు వేరు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడి పంతుళ్ళం. ఉపన్యాసాలు మాకు రావు, పిల్లలకు లెక్కలు చెప్పడమే వచ్చు. కనుక ఈనాడు కూడా ఒక లెక్కే మీకు మనవి చేస్తాము.

మన పొదిలి పెద్దల నోట వీశె, మణుగు అనే మాటలు మీరు విని ఉంటారు. అవి మద్రాసు రాజధాని నాటి తూకాలు. మూడు తులాలు ఒక పలం. ఎనిమిది పలాలు ఒక సేరు. ఐదు సేర్లు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు. అంటే మన సేరు 24 తులాలు. ఉత్తరాదిన పక్కా సేరు 80 తులాలు. రెండు చోట్లా 40 సేర్లే మణుగు. కాని ఇక్కడి మణుగు సుమారు 11 కిలోల 200 గ్రాములు, అక్కడిది 37 కిలోల పైచిలుకు! పేరు నమ్మి బేరమాడినవాడి గతి ఏం కావాలి?

పట్టు వర్తకంలోనూ ఇదే తంతు. ఈస్టిండియా కంపెనీ బెంగాలు ముడిపట్టును లండను తీసుకుపోయి అమ్మేది. అక్కడ మామూలు పౌను 16 ఔన్సులు. ముడిపట్టుకు మాత్రం 24 ఔన్సుల ‘పెద్ద పౌను’ ఉండేది. ఆ తూకం ఏనాడో పోయింది. పెద్ద పౌను ధర చెల్లించి చిన్న పౌను సరుకు తెచ్చుకున్నవాడికి మూడో వంతు నష్టం.

తూకపురాయి సరిగా ఉన్నా పట్టు మనిషిని ఏమారుస్తుంది. అది తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. అందుకే ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1805లో పట్టు తేమను పరీక్షించి అసలు బరువు తేల్చే సంస్థ పెట్టారు. ఇక ముడిపట్టుకు జిగురు ఉంటుంది. ఉడకబెడితే ఆ జిగురు పోయి బరువులో సుమారు నాలుగో వంతు తగ్గుతుంది.

ఈ సంగతులు మేము ఊరికే చదవలేదు. మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి పట్టు నేసే ఊరికి వలసపోయి, నూలు ఉడకబెట్టి రంగులద్దే పనిలో చేరాడు. యజమాని వానాకాలంలో 10 కిలోలు తూచి ఇచ్చాడు. తరుగు ఐదో వంతు కట్టి, 8 కిలోలు తిరిగి రావాలన్నాడు. వచ్చింది ఏడున్నర. ఆ అరకిలో ఖరీదు కూలిలో పట్టుకున్నాడు, పైగా దొంగ అన్నాడు. పండుగకు ఇంటికొచ్చి, “మాస్టారూ, ఆ మాట నా వల్ల కావడం లేదు” అని ఏడ్చాడు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాము. “నాయనా, పోట్లాడవద్దు. ఒక్క చిలప నూలు ఆరబెట్టి, ఆయన కళ్ళ ముందే తూచి, ఉడకబెట్టి, మళ్ళీ ఆరబెట్టి తూచు. రెండు తూకాలూ కాగితం మీద రాయించు” అన్నాము. అట్లాగే చేశాడు. పట్టుకున్న సొమ్ము తిరిగి వచ్చింది. ఆ దొంగ అన్న మాట కూడా పోయింది. అదే వాడికి పెద్ద జీతం.

1956లో చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుండి కిలోలు మొదలై, 1962 నాటికి పాత తూకాలు చెల్లకుండా పోయాయి. అయినా తులం పోలేదు. ఇప్పుడు బంగారు అంగట్లో తులం అంటే 10 గ్రాములు. అసలు తులం 11.66 గ్రాములు. జకాత్ నిసాబు ఏడున్నర తులాల బంగారం అంటే 87.48 గ్రాములు. అంగటి తులంతో గుణిస్తే 75 వస్తుంది. వెండికి యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. ఇంట్లో లెక్క వేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

తూకంలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఖురానులో ఒక సూరాయే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. తగ్గించి ఇవ్వడం పాపం. లెక్క రాక తగ్గించి పుచ్చుకోవడం మన అజ్ఞానం. రెండూ మన ఇళ్ళలో ఉండరాదు. మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా లెక్క నేర్పించండి. సాయంత్రం పూట ఉచితంగా చెప్పడానికి మేము సిద్ధం. కూర్చోవడానికి ఒక గది, ఒక నల్లబల్ల సంఘం ఇప్పిస్తే చాలు.

అల్లాహ్ మన తరాజును సరిగా నిలుపుగాక. ఆమీన్.