వృద్ధుల కండబలము

పంచాయతీ సభ్యులారా,

నిరుడు చెరువుగట్టుమీద నడచిన పెద్దమనిషి ఈ యేడు మంచముమీదినుండి లేచుటకు చేయూత కోరుచున్నాడు. వయసు మీరినదని మనము ఊరకుందుము. ఇట్లు కండ కరగుటకు అమెరికా వైద్యుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1988లో 'సార్కోపీనియా' అని పేరిడెను. కండ తగ్గినవారు తూలిపడుదురు. తుంటియెముక విరిగినచో మరల నడచుట కష్టము.

దీనికి లూసిన్ అను అమైనో ఆమ్లమును పొడిగా డబ్బాలలో అమ్ముచున్నారు. శరీరము దానిని స్వయముగా తయారు చేసికొనజాలదు. కండ కట్టుటకు అది ప్రేరణ మిచ్చును. ఇంతవరకు నిజమే. కాని మేస్త్రీ వచ్చినంతనే గోడ లేవదు, ఇటుకలు కావలెను. లూసిన్ ఒక్కటే వృద్ధులకు బలము కూర్చునని పరీక్షలలో నమ్మదగిన రుజువు లభింపలేదు. పింఛను సొమ్ము డబ్బాకు పోయక మునుపు వారి కంచము చూడుడు.

మన ముసలమ్మలు పప్పు పిల్లలకు వడ్డించి, తాము మజ్జిగ మెతుకులతో సరిపెట్టుకొందురు. వృద్ధులకు శరీరపు బరువులో కిలోకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు దినమునకు కావలెనని 2013లో నిపుణులు సూచించిరి. అనగా 50 కిలోల మనిషికి 50 నుండి 60 గ్రాములు. పప్పు, పాలు, గ్రుడ్డు, చేప, వేరుసెనగ, వీనియందు లూసిన్ కూడ కలదు. పళ్లు లేనివారికి మెత్తగా ఉడికించి పెట్టవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగియే మాంసకృత్తులు పెంచవలెను.

తిండితోపాటు శ్రమయు కావలెను. అరుగుమీద కూర్చుండి పదిసార్లు లేచినను వ్యాయామమే. రచ్చబండ దారిలో గోతులు పూడ్పించి, పట్టుకొని నడచుటకు కమ్మి నాటించుట మీ చేతిలోని పని.