తొమ్మిది చుక్కలలో ఏ చుక్క?

పటాన్‌చెరు దాటి పాశమైలారం పారిశ్రామికవాడ వైపు పోయినచో, బతుకమ్మ దినములలో కర్మాగారముల రేకుగోడల ప్రక్కనే పూలపళ్లెరములు పట్టుకొని పోవు స్త్రీలు కానవత్తురు. కొత్తగా కెమెరా కొన్న వారికి ఆ దృశ్యము పట్టుకొనవలెనను ఉత్సాహము సహజమే. తీరా పటము చూచినచో గునుగుపూవు రేకురేకున స్పష్టము. పూల వెనుకనున్న తల్లి ముఖము మాత్రము మసక. ఇందులో కటకము దోషము లేదు. ఎక్కడ చూడవలెనో కెమెరాకు ఎవరును చెప్పలేదు, అంతే.

ప్రారంభకుల కొరకు తయారైన డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాల వ్యూఫైండరులో కొన్ని చుక్కలు కనిపించును. కానన్ 1500డిలో అవి 9, నికాన్ డి3500లో 11. ప్రతి చుక్కయు ఒక ఫోకస్ బిందువు. కటకపు రెండు ప్రక్కల నుండి వచ్చిన కాంతిని వేరువేరుగా గ్రహించి, ఆ రెండు ప్రతిబింబముల నడుమ ఎడమెంతయో కొలిచి, కటకము ఏ వైపునకు ఎంత జరుగవలెనో కెమెరా క్షణములో తేల్చుకొనును. చుక్కను ఎంచు పని కూడ దానికే విడిచినచో, అది సాధారణముగా దగ్గరి వస్తువును పట్టుకొనును. పూవు ముందున్నది గనుక పూవే గెలిచినది.

కనుక ఒక్క చుక్కను మనమే ఎంచుకొనుట మేలు. కానన్‌లో పూర్తి ఆటోమేటిక్ పద్ధతి విడిచి, ‘పి’ గుర్తుకు చక్రము త్రిప్పి, వెనుక కుడిమూలనున్న చుక్కల మీట నొక్కవలెను. నికాన్‌లో ‘సింగిల్ పాయింట్’ అను ఏర్పాటు కలదు. పిదప మీటలతో చుక్కను కావలసిన చోటికి జరుపవచ్చును.

ఈ రెండు కెమెరాలలోను నడిమి చుక్క మిగిలిన వానికంటె సమర్థమైనది. అది నిలువు గీతలను, అడ్డగీతలను కూడ గుర్తించును. ప్రక్క చుక్కలు ఒక దిక్కు గీతలనే గుర్తించును. గాడులు నిలువునా పోయిన రేకుగోడపై ప్రక్క చుక్క నుంచినచో కటకము ముందుకు వెనుకకు ఊగులాడుటయు కలదు. అప్పుడు కెమెరాను కొంచెము ఏటవాలుగా పట్టి, ఫోకస్ కుదిరిన పిదప సరిచేసికొనిన చాలును. సున్నము వేసిన తెల్లగోడపై మాత్రము ఏ చుక్కకును పట్టు దొరకదు.

నడిమి చుక్కను కంటిపై నుంచి, మీటను సగము నొక్కి, ఆ వ్రేలు విడువకుండ కెమెరాను జరిపి పటమును కూర్చుకొనుట చాలమంది పద్ధతి. కెమెరాతో వచ్చు 18–55 మిల్లీమీటర్ల కటకముతో, మూడు మీటర్ల దూరమున ఇది నిరపాయము. స్పష్టత అర మీటరు లోతున నిలుచును. 50 మిల్లీమీటర్ల కటకమును ఎఫ్ 1.8 వద్ద తెరచి మీటరు దూరమున తీసినచో లోతు సుమారు మూడు సెంటీమీటర్లే. అక్కడ కెమెరాను కొద్దిగా జరిపినను కన్ను మసకయై చెవి తేటపడును. అట్టిచోట కంటిపైకి వచ్చు ప్రక్క చుక్కనే ఎంచుకొనవలెను.

ముఖము కొరకు ఇంత పట్టుదల ఏల? ఈ వాడలో ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుండి వచ్చి పనిచేయువారు పెక్కుమంది; ఇంటివారికి వారి రూపము పటములోనే కనుపించును. 2025 జూన్ 30న ఇక్కడి ఒక ఔషధ కర్మాగారమున పేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మరణించిరి. పలువురిని గుర్తించుటకు డి.ఎన్.ఏ. పరీక్షలు అవసరమైనవి. అట్టి ఇండ్లలో తేటగా వచ్చిన ఒక ముఖచిత్రము విలువ ఎంతయో ఊహించుకొనవచ్చును. తోటి పనివాని పటము తీయునపుడు, అతని వెనుక మెరయు యంత్రముపై గాక, కంటిపైనే చుక్క నుంచుడు. ఇద్దరు ముందువెనుకలుగా నిలిచినచో ఒకే వరుసలో నిలుపుడు.

మంజీర జలాశయము వద్ద ఎగురు పక్షులకు ఈ ‘ఒకసారి పట్టి బిగించు’ పద్ధతి చాలదు. కానన్‌లో ‘ఏఐ సర్వో’, నికాన్‌లో ‘ఏఎఫ్-సి’ అను నిరంతర ఫోకస్ నుంచి, నడిమి చుక్కను పక్షిపైననే నిలుపుచు కెమెరాను దానితోబాటు త్రిప్పవలెను. మొదటి దినమే కొంగ ఎగురుటను ఆశింపక, గట్టున నిలిచియున్న కొంగతో ప్రారంభించుట సుకరము. రెల్లు అడ్డమున్నచో రెండడుగులు ప్రక్కకు జరుగుడు. చుక్క సరిగా నున్నను ముందున్న రెల్లాకు దానిని లాగుకొనును.