రసీదు అంటే "చేరింది"



రసీదు అనే మాట అందరికీ తెలుసు. ఇంటి పన్ను కడితే రసీదు ఇస్తారు. కరెంటు బిల్లు కడితే ఇస్తారు. ఎరువుల కొట్లో అడిగితే ఇస్తారు. కొందరు రశీదు అని కూడా రాస్తారు. రెండూ ఒకటే.

మరి ఈ మాటకు అర్థం ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లీషు మాట అని కొందరు అనుకుంటారు. ఇంగ్లీషులో రిసీట్ అనే మాట ఉంది. వినడానికి దగ్గరగానే ఉంటుంది. కానీ ఈ రెంటికీ చుట్టరికం లేదు. రిసీట్ అనేది "పుచ్చుకోవడం" అనే అర్థం నుంచి పుట్టింది. రసీదు పారసీ మాట. పారసీ ఇరాన్ దేశపు భాష. అందులో రసీద్ అంటే "చేరింది", "వచ్చింది" అని అర్థం. ఊరి నుంచి చుట్టం వచ్చాడన్నా ఆ మాటే. డబ్బు చేరిందని రాసిచ్చిన కాగితాన్నీ ఆ మాటతోనే పిలుస్తారు.

ఇరాన్ మాట మన ఊళ్లకు ఎలా వచ్చింది? గోల్కొండ సుల్తానుల కాలంలో, మొగలాయిల కాలంలో, నిజాముల కాలంలో కచేరీల్లో పారసీ నడిచేది. హైదరాబాదు రాజ్యంలో 1884 దాకా పారసీయే అధికార భాష. తర్వాత ఉర్దూ వచ్చింది. శిస్తు కట్టే రైతుల నోట కచేరీ మాటలు నిలిచిపోయాయి.

బాకీ, వసూలు కూడా అలా వచ్చినవే. ఇవి మొదట అరబ్బీ మాటలు. బాకీ అంటే మిగిలింది. వసూలు అంటే చేరడం.

ఈ రసీదు మనకొక్కరికే కాదు. హిందీ, ఉర్దూల్లో రసీద్ అంటారు. తమిళంలో రసీదు, కన్నడంలో రసీది, మలయాళంలో రసీత్ అంటారు. పని కోసం చెన్నై పోయినా, బెంగుళూరు పోయినా ఈ మాట అడిగితే ఎదుటివారికి తెలుస్తుంది.

తెలుగులో సొంత మాట లేదా? ఉంది. చెల్లుచీటీ అంటారు. చెల్లు అంటే తీరిపోయింది అని. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. "చేరింది" వేరు, "తీరింది" వేరు.

ఒక ఇల్లాలు 10,000 రూపాయలు అప్పు తీసుకుంది అనుకోండి. వడ్డీ సంగతి అలా ఉంచుదాం. మొదట 3,000 కట్టింది. మళ్లీ 3,000 కట్టింది. తర్వాత 2,000 కట్టింది. మొత్తం 8,000 చేరింది. బాకీ 2,000. కానీ ఆమె ఒక్క రసీదూ తీసుకోలేదు. షావుకారు పుస్తకంలో 6,000 మాత్రమే రాసి ఉంది. "ఇంకా 4,000 ఇవ్వాలమ్మా" అంటాడు. ఆమె ఏం చూపిస్తుంది? ఆ 2,000 రెండోసారి కట్టాల్సిందే.

అందుకే డబ్బు ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు. తీసుకున్నాక అక్కడే చదవాలి. ఇవి ఉన్నాయో లేదో చూడాలి:

ఎవరు ఇచ్చారు? ఎవరు పుచ్చుకున్నారు?
తేదీ ఉందా?
ఎంత? అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటే ఉందా?
ఎందుకు ఇచ్చారు? ఇంకా బాకీ ఎంత?
పుచ్చుకున్నవారి సంతకం ఉందా?

చేతికిచ్చిన డబ్బు 5,000 రూపాయలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం చేయించాలి.

నోటు రాసి అప్పు తెచ్చుకుంటే, కట్టినప్పుడల్లా ఆ నోటు వెనుక కూడా తేదీతో రాయించాలి. మొత్తం తీరిన రోజున "బాకీ లేదు" అని రాయించుకోవాలి. నోటు వెనక్కి తెచ్చుకోవాలి.

ఈ రోజుల్లో ఫోనుతో డబ్బు పంపుతున్నారు. వెంటనే సందేశం వస్తుంది. డబ్బు వెళ్లిందని దాన్ని బట్టి తెలుస్తుంది. ఏ బాకీ కింద కట్టారో, ఇంకా ఎంత ఉందో అందులో ఉండదు. అది రాయించుకోవాల్సిందే.

ఇంకొక్క మాట. పొదుపు సంఘంలోనో, కూలి పంచే చోటో పుచ్చుకునేది మీరే అయితే, రసీదు మీద సంతకం మీరే పెట్టాలి. ఆ సంతకానికి అర్థం "నాకు చేరింది" అని. కనుక డబ్బు చేతికి రాకముందు పెట్టవద్దు. అంకె వేయని కాగితం మీద అసలే పెట్టవద్దు. ముందు లెక్కపెట్టుకోండి. తర్వాత చదవండి. ఆ తర్వాతే సంతకం చేయండి.